బరువు తోలు బండికి డీజిలా, పెట్రోలా, గ్యాసా?

ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. అగ్రికల్చర్

పంటను పండించుట ఎంత ముఖ్యమో, పండిన సరకును చెడకుండ సకాలములో మండీకి చేర్చుటయు అంతే ముఖ్యము. పూర్వపు చిత్తూరు జిల్లాలో, అనగా 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరుగుటకు ముందున్న జిల్లాలో, ఈ మాట మరింత నిజము. ఇచ్చటి ముఖ్యమైన పంటలు టమాట, మామిడి, చెరకు. పాడి కూడ విస్తారముగా కలదు. టమాట, మామిడి, పాలు నిలువయుండు సరకులు కావు. కోసిన టమాట రెండు దినములు ఆలస్యమైన మెత్తబడును. పాలు కొన్ని గంటలలోనే విరుగును.

వెనుకటి కాలమున ఈ సరకును ఎద్దుబండ్లు మోసినవి. తరువాత ట్రాక్టరు ట్రాలీలు, కిరాయి లారీలు వచ్చినవి. 2005లో టాటా ఏస్ బయలుదేరిన పిదప నాలుగు చక్రాల చిన్న సరకు బండ్లు పల్లెలకు చేరినవి. వాటి వెంబడి ఒకటిన్నర టన్ను వరకు మోయగల పికప్ బండ్లును వచ్చినవి. కిరాయి బాధ పడలేక నేడు పెక్కుమంది రైతులు స్వంతముగా బండి కొనదలచుచున్నారు. అట్టివారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: డీజిలు బండి మేలా, పెట్రోలు బండి మేలా, లేక సి.ఎన్.జి. గ్యాసు బండి మేలా?

ఇది చిన్న ప్రశ్న కాదు. బండి ఖరీదు లక్షలలో ఉండును. అందులో అధికభాగము అప్పు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమాట కిలో నూరు రూపాయలు దాటి పలికినది. అదే మార్కెట్టులో కోత కూలి కూడ రాని రోజులను మన రైతులు చూచియున్నారు. ధర పడినను బండి కంతు ఆగదు. బండి పొలమును పోషించవలెనే గాని, పొలము బండిని పోషించు స్థితి రాకూడదు. కనుక కొనుటకు ముందే లెక్క చూచుకొనవలెను.

డీజిలు చవకయనియో, గ్యాసు ఇంకను చవకయనియో విని తొందరపడుట తగదు. ముందు బరువెంతో, దారి ఎట్టిదో, ఏటికి ఎన్ని కిలోమీటర్లు తిరుగునో తేల్చుకొనవలెను. ఇంధనము సంగతి ఆ తరువాతది.

ఇంజన్ల స్వభావము

బావుల వద్ద ఆయిలింజను నడపిన రైతులకు డీజిలు ఇంజను క్రొత్త కాదు. అందులో మంట పెట్టు ప్లగ్గు ఉండదు. సిలిండరులోనికి పీల్చిన గాలిని పదునైదు నుండి ఇరువది రెట్ల వరకు నొక్కగా ఆ గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మినంతనే అది తనంతట మండును. జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇట్టి ఇంజనును జయప్రదముగా నడపెను. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడపి చూపిరి. వేరుశనగ పండించు మన ప్రాంతమువారికి ఇది ముచ్చట గొలుపును. కాని నేటి బండ్ల సున్నితమైన ఇంజన్లలో అట్టి నూనెలు పోయుట తగదు.

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిపి పది రెట్లు మాత్రమే నొక్కి, ప్లగ్గు నిప్పురవ్వతో మండింతురు. సి.ఎన్.జి. బండి ఇంజను కూడ ఈ జాతిదే. పెట్రోలుకు బదులు గ్యాసు వెళ్ళును, అంతే.

ఎక్కువగా నొక్కుటవలన డీజిలు ఇంజను ఇంధనములోని శక్తిని ఎక్కువగా పనికి మార్చును. అదిగాక ఒక లీటరు డీజిలులో ఒక లీటరు పెట్రోలుకంటె సుమారు పదవ వంతు శక్తి హెచ్చుగా ఉండును. ఈ రెండు కారణములచేత లీటరుకు డీజిలు బండి ఎక్కువ దూరము పోవును. మూడవ గుణము త్రిప్పుడు బలము. జట్కా గుర్రము వేగముగా పరుగెత్తును. కాడెద్దులు మెల్లగా నడచినను బురదలో దిగబడిన బండిని లాగును. పెట్రోలు ఇంజను బలము చూపుటకు చుట్లు పెరుగవలెను. టర్బో ఉన్న డీజిలు ఇంజను నిముషమునకు 1500 చుట్ల ప్రాంతములోనే పూర్తి బలముతో లాగును. బొలెరో పికప్‌లోని 2523 సి.సి. డీజిలు ఇంజను త్రిప్పుడు బలము సుమారు 200 న్యూటన్ మీటర్లు. టాటా ఏస్ గోల్డ్‌లోని 694 సి.సి. పెట్రోలు ఇంజనుకు అది సుమారు 55. ఇవి ఒకే తరగతి బండ్లు కావు గనుక ఒకటి మంచిది, ఒకటి చెడ్డది యని అర్థము కాదు. ఒకటి ఒకటిన్నర టన్నుకు పుట్టినది, మరియొకటి ముప్పాతిక టన్నుకు పుట్టినది. కొనునపుడు అశ్వశక్తి ఒక్కటియే గాక, త్రిప్పుడు బలమెంత, అది ఎన్ని చుట్లవద్ద వచ్చును అని కూడ అడుగవలెను.

మన దారులు, మన కనుమలు

ఈ ప్రాంతపు భూమి సమతలము కాదు. శ్రీకాళహస్తి, సత్యవేడు, పుత్తూరు, నగరి వైపు నేల పల్లముగా, చాలవరకు చదునుగా ఉండును. పడమటి వైపు మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము ప్రాంతములు ఎత్తైన పీఠభూమి. తిరుపతినుండి మదనపల్లె పోవలెనన్న భాకరాపేట కనుమ దాటి, మొత్తముమీద సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కవలెను. చిత్తూరునుండి పలమనేరు పోవుటకు మొగిలి కనుమ ఎక్కవలెను.

బండి, సరకు కలిసి మూడు టన్నులు అనుకొందము. దానిని 500 మీటర్లు పైకెత్తుటకే, మామూలు ప్రయాణపు ఖర్చు గాక, డీజిలు బండికి లీటరున్నర లోపు డీజిలు అదనముగా కావలెను. పెట్రోలు బండికి రెండు లీటర్ల పైచిలుకు పట్టును. నెలకు ఒకసారి ఎక్కువానికి ఈ తేడా లెక్కలోనిది కాదు. దినము విడిచి దినము ఎక్కువానికి ఇది ఏటికి పెద్ద మొత్తమగును. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచబడును. టర్బో లేని ఇంజను మదనపల్లె ఎత్తున నూటికి ఆరేడు పాళ్ల బలము కోల్పోవును. టర్బో ఉన్న ఇంజనుకు ఈ నష్టము స్వల్పము.

పడమటి సరకు నిండు బరువుతో కనుమ దిగి చెన్నై, తిరుపతి వైపు పోవును. ఎక్కునపుడు బండి ఆగిపోయిన ఆలస్యమే. దిగునపుడు బ్రేకు పోయిన ప్రాణమే పోవును. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. ఇంధనము మిగులునని న్యూట్రలులో వదలుట, ఇంజను ఆపి దిగుట మిక్కిలి ప్రమాదకరము. ఇంజను ఆగినచో బ్రేకుకు సాయపడు బలము కొద్ది త్రొక్కులలోనే తగ్గిపోవును. ఏ ఇంధనపు బండికైనను ఇది వర్తించును.

బరువు లెక్క

ఆర్.సి. పుస్తకములో రెండు అంకెలు ఉండును: ఖాళీ బండి బరువు, సరకుతో సహా మొత్తము బరువు. మొత్తములోనుండి ఖాళీ బరువు తీసివేయగా మిగులునదియే మోయదగిన సరకు. బండిపైన ఇనుప కటకటాలు, రేకుల పెట్టె కట్టించినచో ఆ బరువు కూడ ఇందులోనుండి తగ్గును.

పెట్టెలో 25 కిలోల టమాట, పెట్టె బరువు 2 కిలోలు అనుకొందము. 1200 కిలోలు మోయు బండిలో 44 పెట్టెలు పట్టును. 60 పెట్టెలు వేసిన బరువు 1620 కిలోలగును, అనగా నాలుగు క్వింటాళ్లకు పైగా అధికము. దీనివలన ఇరుసు, టైర్లు, బ్రేకులు త్వరగా చెడును. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము ప్రకారము అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు చెల్లింపవలెను. అధిక సరకును దింపించుదురు కూడ. పది ట్రిప్పుల కిరాయి మిగులు ఒక్క జరిమానాతో పోవును. సరకు బండిలో కూలీలను ఎక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినపుడు భీమా పరిహారము విషయములో చిక్కులు వచ్చును.

కావున దినమునకు 40 పెట్టెలు తోలు రైతు ముప్పాతిక టన్ను బండి కొనుట తప్పు. పాల డబ్బాలు నాలుగు తీసుకొనిపోవు రైతు ఒకటిన్నర టన్ను బండి కొనుటయు అంతే తప్పు.

ఖర్చు లెక్క

డీజిలు చవకయను మాట పాతకాలపుది. 2012 ప్రాంతమున పెట్రోలుకు, డీజిలుకు తేడా లీటరుకు పాతిక రూపాయలు దాటియుండెను. 2010 జూన్‌లో పెట్రోలు ధరపైన, 2014 అక్టోబరులో డీజిలు ధరపైన ప్రభుత్వ నియంత్రణ తొలగినది. అప్పటినుండి ఆ తేడా బాగుగా తగ్గినది. కనుక నేటి లెక్క నేడే వేయవలెను.

ఈ దిగువ అంకెలు లెక్క తెలియుటకు మాత్రమే. రైతులు తమ ఊరి బంకు ధరను, తమ బండి మైలేజిని వేసికొని చూచుకొనవలెను.

పెట్రోలు లీటరు 110 రూపాయలు, బండి లీటరుకు 11 కిలోమీటర్లు: కిలోమీటరుకు 10 రూపాయలు.

డీజిలు లీటరు 100 రూపాయలు, బండి లీటరుకు పన్నెండున్నర కిలోమీటర్లు: కిలోమీటరుకు 8 రూపాయలు.

సి.ఎన్.జి. కిలో 90 రూపాయలు, బండి కిలోకు 15 కిలోమీటర్లు: కిలోమీటరుకు 6 రూపాయలు.

ఒకే బరువు మోయు బండ్లలో డీజిలు బండి ఖరీదు పెట్రోలు బండికంటె 80,000 రూపాయలు హెచ్చు అనుకొందము. కిలోమీటరుకు 2 రూపాయలు మిగిలిన, ఆ హెచ్చు ఖరీదు తిరిగి వచ్చుటకు 40,000 కిలోమీటర్లు తిరుగవలెను. వడ్డీ, మరమ్మతుల తేడా కలిపిన ఇంకను ఎక్కువే.

బంగారుపాళ్యము వద్ద ఒక మామిడి రైతు ఉన్నాడనుకొందము. అతని సరకు జూన్, జూలై నెలలలోనే కదలును. మిగతా కాలములో ఎరువులు, మేత తెచ్చుకొనును. ఏటికి 6,000 కిలోమీటర్లు. అతనికి డీజిలు బండిపై పెట్టిన హెచ్చు సొమ్ము తిరిగి రావలెనన్న ఆరేడు సంవత్సరములు పట్టును. మదనపల్లె వద్ద ఒక టమాట రైతు తన సరకుతోబాటు ఇరుగుపొరుగు సరకును కూడ తోలి ఏటికి 25,000 కిలోమీటర్లు తిరుగును. అతనికి రెండేండ్ల లోపే ఆ సొమ్ము వచ్చును. ఆపైన ఏటికి 50,000 రూపాయలు మిగులును. ఇద్దరును రైతులే, ఇద్దరికిని బండి కావలెను, కాని ఇద్దరికి ఒకే బండి తగదు.

మామిడి రైతులు గమనింపవలసిన మరియొక విషయము కలదు. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోయినపుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు రోజుల తరబడి బారులు తీరినవి. ఆ సంవత్సరము ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు ఇచ్చునట్లు ఏర్పాటు చేయవలసివచ్చినది. అట్టి సమయమున బండి తిరుగదు, నిలిచియుండును. నిలిచిన బండి డీజిలుదైనను గ్యాసుదైనను మిగులు ఇయ్యదు. కనుక మైలేజి లెక్కను మంచి సంవత్సరమునకు గాక, చెడ్డ సంవత్సరమునకు వేసి చూడవలెను.

సి.ఎన్.జి. బండి సంగతి

పై లెక్కలో గ్యాసు బండి అన్నిటికంటె చవక. పొగ తక్కువ, చప్పుడు తక్కువ. బంకు దగ్గరగా ఉన్నవారికి ఇది నిజముగా లాభదాయకము. బంకు దూరమైన లెక్క తారుమారగును.

ఒకసారికి 10 కిలోల గ్యాసు పట్టునని అనుకొందము. ఖర్చు 900 రూపాయలు, తిరుగు దూరము 150 కిలోమీటర్లు. బంకు 30 కిలోమీటర్ల దూరమున ఉండి, గ్యాసుకే ప్రత్యేకముగా పోయివచ్చిన 60 కిలోమీటర్లు అందుకే ఖర్చగును. సరకు తోలుటకు మిగులునది 90 కిలోమీటర్లు. 900 రూపాయలను 90చే భాగించిన కిలోమీటరుకు 10 రూపాయలు. పెట్రోలు బండి ఖర్చుకు సమానమైనది! బంకువద్ద వరుసలో నిలుచు కాలము వేరు. కాబట్టి సి.ఎన్.జి. బంకు మీరు దినము మండీకి పోవు దారిలోనే ఉండవలెను. అట్లు లేనిచో గ్యాసు బండి చవక కాదు.

ఇంకను మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, ఒకే ఇంజను గ్యాసుపై నడచునపుడు పెట్రోలుపై కంటె సుమారు పదవ వంతు బలము తగ్గును. కనుమ దారిలో ఇది తెలియును. రెండవది, ఉక్కు సిలిండరు బరువు అర క్వింటాలుకు పైగా ఉండును. ఆ మేరకు సరకు తగ్గును. మూడవది, గ్యాసు 200 బార్ల ఒత్తిడిలో ఉండును గనుక సిలిండరును మూడేండ్లకొకసారి తప్పక పరీక్ష చేయించి పత్రము పొందవలెను. కంపెనీ అమర్చిన గ్యాసు బండినే కొనుట మంచిది. ఇంటి వంట గ్యాసు సిలిండరును బండికి తగిలించుట నేరము, ప్రాణాపాయము.

డీజిలు బండి కోరు శ్రద్ధ

2020 ఏప్రిల్‌నుండి అమ్ముచున్న భారత్ స్టేజి ఆరు డీజిలు బండ్లు పాతవాటివంటివి కావు. పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ ఉండును. ఇంజను బాగుగా వేడెక్కి కొంతసేపు నిలకడగా పరుగెత్తినపుడే ఆ మసి కాలి జల్లెడ శుభ్రపడును. దినము మూడు నాలుగు కిలోమీటర్లు పాలకేంద్రమునకు పోయి వచ్చుటకే ఈ బండిని వాడిన, జల్లెడ మూసుకొని హెచ్చరిక దీపము వెలుగును. అప్పుడు దానిని నిర్లక్ష్యము చేయక, పుస్తకములో చెప్పినట్లు బండిని పెద్దరోడ్డుపై నడపవలెను. జల్లెడ పాడైనచో మార్చుటకు చాల ఖర్చగును.

కొన్ని డీజిలు బండ్లకు యాడ్‌బ్లూ అను ద్రవము వేరుగా పోయవలెను. ఇది నూటికి ముప్పదిరెండున్నర పాళ్లు శుద్ధమైన యూరియా కలిపిన నీరు. యూరియాయే గదా యని పొలమునకు తెచ్చిన యూరియాను కరగించి పోయరాదు. 2015నుండి మన వ్యవసాయ యూరియాకు వేపనూనె పూత ఉన్నది. ఆ పూత, మలినములు బండి పరికరమును చెరచును. అదిగాక రాయితీ యూరియాను సేద్యమునకు గాక వేరొక పనికి మళ్లించుట ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము నేరము.

డీజిలును డ్రమ్ములలో నిలువయుంచి దుమ్ము, నీరు కలిసినదానిని పోయుట, కిరోసిను కలుపుట ఇంజనుకు విషము. ఫిల్టరు క్రింద చేరు నీటిని అప్పుడప్పుడు వదలవలెను.

ట్రాలీ లాగవలసినచో

బండిపైన మోయుట వేరు, వెనుక తగిలించి లాగుట వేరు. అమెరికాలో పెద్ద పికప్ బండ్లకు ట్రెయిలరు తగిలించి లాగుట వాడుక. మన దేశములో దొరకు పికప్ బండ్లు ముఖ్యముగా పైన మోయుటకు చేయబడినవి. కంపెనీ అనుమతి లేకుండ చట్రమునకు కొక్కెము వెల్డింగు చేయించి ట్రాలీ తగిలించరాదు. క్లచ్చి, గేరు పెట్టె త్వరగా కాలిపోవును. ట్రాలీకి బ్రేకులు లేనిచో పల్లములో అదియే బండిని ముందుకు త్రోయును. చెరకు, పేడ ఎరువు, ఇటుక వంటి పెద్ద బరువులను దగ్గరి దూరము లాగుటకు ట్రాక్టరే సరియైనది. 2021 ఫిబ్రవరిలో సి.ఎన్.జి.కి మార్చిన ట్రాక్టరును దేశములో ప్రదర్శించినను, మన పొలములలో నేటికిని డీజిలు ట్రాక్టరుదే రాజ్యము.

ఎవరికి ఏది తగును?

1. పడమటి ప్రాంతములలో, కనుమ దారులలో టన్నుకు మించిన బరువుతో ఏటికి 15,000–20,000 కిలోమీటర్లకు మించి తిరుగువారికి టర్బో డీజిలు బండి.

2. తిరుపతి, చిత్తూరు వంటి పట్టణముల చుట్టు, చదును దారిలో, టన్ను లోపు కూరగాయలు, పాలు దినము తోలువారికి, దారిలోనే బంకు ఉన్నచో సి.ఎన్.జి. బండి. పెట్రోలుతో కూడ నడచు రకము తీసుకొనుట క్షేమము.

3. సీజనులో మాత్రమే తిరుగుచు, ఏటికి పది వేల కిలోమీటర్లు కూడ దాటనివారికి చిన్న పెట్రోలు బండి. ఖరీదు తక్కువ, మరమ్మతు సులభము.

4. దినము ఒకే దారిలో కొద్ది దూరము పోవువారు, ఇంటివద్ద కరెంటు నిలకడగా ఉన్నచో, విద్యుత్ బండిని కూడ విచారింపవచ్చును. టాటా ఏస్ విద్యుత్ బండి 2022లో వచ్చినది.

5. ఏటికి నాలుగైదు వేల కిలోమీటర్ల పనియే ఉన్న రైతు ఏ బండియు కొనకుండుట మంచిది. కిరాయియే చవక. లేదా ముగ్గురు నలుగురు రైతులు కాని, రైతు ఉత్పత్తిదారుల సంఘము కాని కలిసి ఒక బండి కొన్నచో అందరి పని కలిసి బండికి చాలినంత తిరుగుడు దొరకును.

ఒక సంగతి తెలిసికొనుట మేలు. సరకుతో సహా మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరకు బండిని తేలిక మోటారు వాహనపు లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఐనను కనుమ దారికి అనుభవమున్న డ్రైవరునే పంపవలెను.

కొనుటకు ముందు

బండి కొనదలచిన రైతు గత సంవత్సరము తాను చెల్లించిన కిరాయి రసీదులను తీసి, ఎన్ని ట్రిప్పులు, ఎంత బరువు, ఎంత దూరము అని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. రసీదులు లేనివారు ఈ సంవత్సరమునుండియైనను వ్రాయనారంభింపవలెను. ఆ కాగితముతో బండి షోరూమునకు పోయి, తన బరువు వేయించి, తన దారిలోనే నడపి చూపుమని అడుగవలెను. ఖాళీ బండిని చదును రోడ్డుపై నడపి మురిసిపోరాదు. సర్వీసు కేంద్రము ఎంత దూరమున ఉన్నదో, విడిభాగములు పీలేరులోనో పుంగనూరులోనో దొరకునో లేదో కనుగొనవలెను.

గ్రామ వ్యవసాయ సహాయకులు, గ్రామాధికారులు తమ గ్రామములో బండి అప్పునకు దరఖాస్తు పెట్టుకొను రైతులచేత ఈ లెక్కను ఒకసారి వేయించినచో వారికి గొప్ప సహాయము చేసినవారగుదురు. అప్పు పత్రముపై సంతకము చేయుటకు అర నిముషము చాలును. దాని కంతులు ఐదేండ్లు నడచును. ఆ ఐదేండ్లలో టమాట ధర ఎన్నిసార్లు పడునో, ఎన్నిసార్లు లేచునో ఎవరును చెప్పజాలరు. బరువు, దారి, దూరము మాత్రము రైతుకు ముందే తెలిసినవి. తెలిసినవాటిని లెక్కించి బండిని ఎన్నుకొన్నచో, ధర పడిన సంవత్సరమున గూడ ఆ బండి రైతుకు భారము కాక తోడుగా నుండును.